పింగాణి పళ్ళేన్ని బోర్లించి చూస్తే సరిపోదు: అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పాత పింగాణి సామాన్లకు అతుకులు వేస్తుంటాను. గడీల్లోంచి వచ్చిన కప్పులు, పళ్ళేలు నా దగ్గరకు తెచ్చేవాళ్ళు ముందు వాటిని బోర్లిస్తారు. "సార్, కింద రెండు కత్తులున్నయ్. జర్మనీదే కదా?"

అపోహ: కత్తుల గుర్తుంటే అది జర్మనీలోని మైసెన్ పింగాణి కార్ఖానాదే.

వాస్తవం: మైసెన్ కార్ఖానా 1710లో మొదలైంది. కత్తుల గుర్తు 1720ల్లో వచ్చింది. తర్వాత దాన్ని కాపీ కొట్టినవాళ్ళు లెక్కలేనంత మంది. చైనా సామానులోనూ అంతే. కాంగ్‌షీ చక్రవర్తి (పాలన 1662–1722) పేరు 19వ శతాబ్దపు జాడీల మీదా కనిపిస్తుంది. పాత పనితనం మీద గౌరవంతో అలా రాయడం అక్కడ ఉన్నదే, ప్రతిదీ మోసం కాదు.

అపోహ: లిమోజ్ అని ఉంటే బొమ్మ కూడా ఫ్రాన్స్‌లోనే వేశారు.

లిమోజ్ కంపెనీ కాదు, ఊరు. అక్కడి కార్ఖానాలు బొమ్మలేని తెల్ల పళ్ళేలను అమెరికాకు పంపేవి. షికాగోలోని పికార్డ్ లాంటి స్టూడియోలు, ఇంట్లో కూర్చుని నేర్చుకున్న ఆడవాళ్ళు వాటి మీద గులాబీలు, ద్రాక్షగుత్తులు వేసి కాల్చుకునేవారు. లిమోజ్‌లోని హావిలాండ్ కార్ఖానా పళ్ళెం అయితే గ్లేజ్ (పైనున్న గాజులాంటి పూత) కింద ఆకుపచ్చ ముద్ర తెల్ల సామాను ఎవరిదో చెబుతుంది. గ్లేజ్ పైన ఎర్ర ముద్ర కూడా ఉంటే బొమ్మ వాళ్ళే వేయించారన్నమాట. అది లేకపోతే బయట వేసి ఉండొచ్చు. అలాంటి పళ్ళేన్ని దయచేసి తక్కువ చేయకండి. ఓ మూలన రెండు పొడి అక్షరాలు రాసుకుని వదిలేసిన ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అపోహ: సంతకం ఉంటే చేత్తో వేసినట్టే.

వాస్తవం: బొమ్మతోపాటు సంతకాన్నీ అచ్చు వేసేవారు. పది రెట్ల భూతద్దం పట్టండి. సన్నని చుక్కలు వరుస కట్టి కనిపిస్తే అచ్చు. చేతిపనిలో కుంచె గీతలు కనిపిస్తాయి, రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని రాయల్ వూస్టర్ పింగాణి కార్ఖానాలో జాన్ స్టింటన్, ఆయన కొడుకు హ్యారీ వేసిన స్కాట్లాండ్ కొండ పశువులను చూస్తే, వాటి వెనక మంచు కూడా కుంచెతో తెచ్చిందేనని తెలిసిపోతుంది.

కొన్ని పళ్ళేల అడుగున కనిపించే నిప్పాన్ కూడా, లిమోజ్ లాగే, కంపెనీ పేరు కాదు, జపాన్ దేశం పేరే. బయటి సామాను మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం వల్ల 1891 నుంచి 1921 దాకా సామాను మీద అలా రాశారు.

అపోహ: చింతపండు పెట్టి తోమితే బంగారు అంచు మెరుస్తుంది.

వాస్తవం: ఇత్తడి బిందెకు పనికొచ్చింది దీనికి పనికిరాదు. గ్లేజ్ కాలేది దాదాపు 1300 డిగ్రీల్లో. దాని మీద రంగులు, బంగారం కాల్చేది 700–850 మధ్యే. అందుకే అవి పైన పల్చని పొరగా ఉంటాయి, పీచుతో రుద్దితే లేచిపోతాయి. దసరాకు ముందు ఒకామె అలాగే తోమి తెచ్చారు. అంచులో సగం బంగారం లేదు. పోయిన బంగారాన్ని అతుకు వేసినట్టు వేయలేను. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. ఆ పళ్ళేల్లో పులిహోర వడ్డించకండి.