గీత గీసిన మేరకే మందు: గిలియడ్ లైసెన్సుల నేపథ్యం

1970 నాటి పేటెంట్ల చట్టం మందును తయారుచేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇచ్చేది కాదు. పద్ధతి మార్చి అదే మందు తయారుచేసుకునే వీలున్నంతకాలం హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు ఔషధ పదార్థం) కంపెనీలకు విదేశీ కంపెనీల అనుమతితో పెద్దగా పని పడలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల మేరకు 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు వర్తించడంతో ఆ వెసులుబాటు పోయింది.

మరుసటి ఏడాదే అమెరికా కంపెనీ గిలియడ్, హెచ్‌ఐవీ మందు టెనోఫోవిర్ తయారీకి హెటిరో, అరబిందో, మ్యాట్రిక్స్ సహా పలు భారతీయ కంపెనీలకు లైసెన్సులిచ్చింది. తయారీ, అమ్మకం వీళ్లవి, అమ్మకాలపై 5 శాతం వాటా, అంటే రాయల్టీ, గిలియడ్‌ది. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆ మందుకు భారత్‌లో పేటెంటు రానేలేదు. 2009లో దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి కూడా.

హెపటైటిస్-సి మందు సోఫోస్బువిర్ విషయంలో ఈ పద్ధతి అసలు స్వరూపం బయటపడింది. మొదట్లో అమెరికాలో మాత్ర ఒక్కంటికి 1,000 డాలర్లు ఉండేది. రోజుకొకటి చొప్పున 12 వారాలకు 84 మాత్రలు, అంటే అప్పటి మారకంలో దాదాపు 50 లక్షల రూపాయలు. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు 7 శాతం రాయల్టీపై లైసెన్సులిచ్చి, 91 దేశాల్లో అమ్ముకోవచ్చంది. సోఫోస్బువిర్‌కు గిలియడ్ పెట్టుకున్న పేటెంటు దరఖాస్తును భారత పేటెంటు కార్యాలయంలో వ్యతిరేకించిన వారిలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఒకటి. 2015 జనవరిలో దరఖాస్తు తిరస్కరణకు గురికాగా, మార్చిలో అదే నాట్కో గిలియడ్‌తో లైసెన్సు ఒప్పందంపై సంతకం చేసింది. దీన్ని లొంగుబాటు అనడం తొందరపాటే: తిరస్కరణ భారత్‌కే పరిమితం, పైగా గిలియడ్‌కు మళ్లీ ప్రయత్నించే దారి ఉంది, 2016 మేలో పేటెంటు వచ్చింది కూడా. హెప్సినాట్ పేరుతో నాట్కో తెచ్చిన 28 మాత్రల డబ్బా ధర 2015లో 19,900 రూపాయలు.

అయితే ఆ 91 దేశాల జాబితాలో చైనా, బ్రెజిల్, థాయ్‌లాండ్, మలేసియా లేవు. రోగులు ఎక్కువగా ఉండి, కాస్తో కూస్తో కొనగల దేశాలను గిలియడ్ తన చేతిలోనే ఉంచుకుంది. థాయ్‌లాండ్, మలేసియాలను 2017 ఆగస్టులో జాబితాలో చేర్చినా, మలేసియా ప్రభుత్వం ఆగలేదు. పేటెంటుదారు అనుమతితో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఆసుపత్రులకు జనరిక్ మందు (వేరే కంపెనీలు తయారుచేసే అదే మందు) తెప్పించుకునే హక్కును ఆ సెప్టెంబరులోనే వినియోగించుకుంది.