సంప్‌ను అంచుదాకా నింపకండి: ఇంటి అక్వేరియం ఫిల్టర్ గురించి అపోహలు - వాస్తవాలు

బరంపురంలో అక్వేరియంలు కట్టే పని నాది. సంప్ అంటే అక్వేరియం కింద ఉండే ఫిల్టర్ తొట్టి: పై ట్యాంకు నీళ్లు ఇందులోకి దిగి శుభ్రమవుతాయి, ఇందులోని ఒక గదిలో ఉన్న మోటారు వాటిని రిటర్న్ పైపు గుండా తిరిగి పైకి పంపుతుంది. వేసవిలో సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయిందంటే ఎవరో ఒకరు ఫోను చేస్తారు: "సంప్ పగిలింది, హాలంతా నీళ్లు!" వెళ్లి చూస్తే అద్దం బాగానే ఉంటుంది, సిలికాన్ ఎక్కడా ఊడి ఉండదు. ఇటు పర్లాకిమిడిలోనైనా, అటు ఇచ్ఛాపురంలోనైనా ఇదే తీరు.

అపోహ: సంప్‌లో నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: మోటారు తిరుగుతున్నప్పుడు కనిపించే మట్టాన్ని నమ్మి నింపకూడదు. కరెంటు పోగానే రిటర్న్ పైపు సైఫన్‌గా మారి, మూతికి గాలి తగిలేవరకు పై ట్యాంకు నీళ్లను వెనక్కి లాగుతుంది. లెక్క చూడండి. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్క అంగుళం నీరంటే 28 లీటర్లు. పైపు మూతి 3 అంగుళాల లోతున ఉంటే దాదాపు 85 లీటర్లు దిగుతాయి. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు సంప్‌లో ఆ నీరు 8 అంగుళాలు లేస్తుంది. మీరు వదిలిన ఖాళీ 4 అంగుళాలే అయితే మిగతా 42 లీటర్లూ నేల మీదే.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వ్ ఉంది కదా అంటారు. పాచి పట్టినా, చిన్న నత్త ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. గాలి పీల్చి సైఫన్ తెగేలా పైపుకు నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేయడం మంచిదే కానీ అదీ పూడిపోతుంది, తరచూ పుల్లతో పొడవాలి. నమ్మదగింది ఖాళీ జాగా ఒక్కటే. పైపు మూతిని పైమట్టానికి అంగుళం లోపే ఉంచండి. ట్యాంకు నిండి నీళ్లు తిరగడం మొదలయ్యాక ప్లగ్ తీసి, దిగే నీళ్లు ఆగేదాకా అక్కడే నిలబడండి. సంప్‌లో నీరు అంచుకు 2 అంగుళాల కిందికి వచ్చేలా సరిచేసి మోటారు వేయండి. అప్పుడు మోటారు గదిలో నిలిచిన మట్టం దగ్గర మార్కరుతో గీత గీయండి. ఎండలకు ఆవిరైన నీళ్లు మళ్లీ పోసేటప్పుడు ఆ గీత దాటకూడదు.

ఛత్రపురంలో ఒక రిటైర్డు మాస్టారు ఇల్లు మునుగుతుందన్న భయంతో రోజూ రాత్రి మోటారు ఆపి పడుకునేవారు. నీళ్లు గంటల తరబడి కదలకపోతే మీడియాలో, అంటే ఫిల్టర్‌లోని స్పాంజి, రింగుల వంటి వాటిలో ఉంటూ అమ్మోనియాను తొలగించే బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు, అమ్మోనియా పెరుగుతుంది. తెల్లవారేసరికి ఆయన ఆస్కార్ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన భయంలో తప్పేమీ లేదు. ఆ సంప్ కట్టినవారు ఈ సంగతి చెప్పి ఉండాల్సింది. గీత గీసి, ఆయన చేతనే ప్లగ్ తీయించాను. నీళ్లు లేచి, అంచు కిందే ఆగాయి. "ఇంతేనా బాబూ!" అన్నారు.

అద్దానికి రంధ్రం వేయకుండా పీవీసీ గొట్టాలతో ఓవర్‌ఫ్లో (పై ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగే దారి) చేసుకున్నవారికి కరెంటు తిరిగి వచ్చాకే అసలు ప్రమాదం. గొట్టంలో గాలి చేరి సైఫన్ అందుకోకపోతే, మోటారు తన గదిలోని నీళ్లన్నీ పైకి తోసేస్తుంది. ఆ గదిలో పట్టే నీరు పై ట్యాంకులోని ఖాళీకన్నా తక్కువ ఉండాలి. రంధ్రమే వేయిద్దామనుకుంటే ముందు అది టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గ్లాసేమో కనుక్కోండి, డ్రిల్ పెడితే ముక్కలైపోతుంది.

నీళ్లు తేటగా ఉంటే చేపలు వదలవచ్చనేది పచ్చి అబద్ధం. అమ్మోనియా కంటికి కనబడదు, బాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీడియాను కుళాయి నీటితో కడగకండి, క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపేస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీటిలోనే జాడించండి. మోటారు డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క, నాలుగైదు అడుగులు ఎక్కేసరికి బాగా తగ్గుతాయి.

మోటారు వైరును ప్లగ్ కంటే కిందికి వేలాడేలా వదలండి. తీగ వెంట జారే నీటిచుక్క బోర్డులోకి పోకుండా కింద రాలుతుంది. నేల తడిసిన రోజున ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తుడవడం తరువాత.