కిటికీ గడియ పెట్టుకోండి, అమ్మమ్మ చెప్తోంది

బంగారాలూ,

డిసెంబరు సెలవులకి మీరు వస్తున్నారని తెలిసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మొన్న ఫోన్లో చిన్నోడు "అమ్మమ్మా, ఇంటి ముందుకి సింహాలొస్తాయా?" అని అడిగాడు కదా. రావు నాన్నా. సింహాలూ ఏనుగులూ చూడాలంటే కారులో రెండు మూడు గంటలు వెళ్ళాలి, హ్లుహ్లువే అడవికి. మన ఇంటి చుట్టూ తిరిగేవి వేరే, వాటి గురించి మీరు రాకముందే కొంచెం తెలుసుకోవాలి, అందుకే ఇంత ఉత్తరం.

మేముండేది దక్షిణాఫ్రికాలో, డర్బన్‌కి ఉత్తరాన, సముద్రం పక్కన, బాలిటో ఊళ్ళో. మన దగ్గర గేటెడ్ కమ్యూనిటీ అంటామే, దాన్ని ఇక్కడ ఎస్టేట్ అంటారు. ఈ నేలంతా ఒకప్పుడు తీరం వెంబడి అడవి. 1850ల నుంచి చెరకు తోటలు వచ్చాయి, ఆ చెరకు నరకడానికి 1860 నుంచి మన దేశం నుంచి కూలీలని ఓడల్లో తెచ్చారు. మొదటి ఓడ ట్రూరో బయల్దేరింది మద్రాసు నుంచే. తర్వాత వచ్చినవాళ్ళలో విశాఖపట్నం వైపు వాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. మా పక్కింటి పెద్దావిడ వాళ్ళ ముత్తాత అలా వచ్చినవాడే. ఇప్పుడు చెరకు పోయి ఇళ్ళు వచ్చాయి, మధ్యమధ్యలో లోయల్లో మిగిలిన చెట్లలోనే ఈ జంతువులన్నీ బతుకుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ కనపడేది వెర్వెట్ కోతి. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మొహం, మన ఎర్రమూతి కోతి కంటే కాస్త చిన్నది. గుంపుగా వస్తాయి. ఆడకోతులు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి పెద్దయ్యాక వేరే గుంపు వెతుక్కుని వెళ్ళిపోతాయి, కాబట్టి ఆ గుంపులో తల్లులూ అమ్మమ్మలూ మనవలూ అందరూ కలిసే ఉంటారు.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి, చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది. నేనొచ్చిన కొత్తలో, ఆంజనేయస్వామి స్వరూపం కదా అని రోజూ వరండా గోడ మీద అరటిపండు పెట్టేదాన్ని. నాలుగు రోజులకే ఒక తల్లికోతి నా చేతిలోంచే తీసుకోవడం మొదలుపెట్టింది, నాకెంత సంబరమో. పక్కింటి పెద్దావిడ వద్దని చెప్పినా వినలేదు. నెల తిరిగేసరికి ఆ కోతి మనుషులంటే బెదురు పోయి ఎవరింట్లోనో వంటగదిలోకి దూరింది, వాళ్ళు పెల్లెట్ గన్‌తో కొట్టారు. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, పండు కోసం. ఆ తర్వాత ఇక కనపడలేదు. తుపాకీ ఎవరిదైనా, దాన్ని అక్కడి దాకా నడిపించింది నా అరటిపండే. అందుకని మీరు ఎంత ముద్దొచ్చినా ఒక్క బిస్కెట్ ముక్క కూడా వెయ్యకండి. పండ్లు బల్ల మీద పెట్టొద్దు, కిటికీలు గడియ పెట్టాలి, కోతి లోపలికొస్తే కళ్ళల్లోకి చూడకుండా, అరవకుండా, దానికి బయటికి దారి వదిలి పక్కకి జరగాలి.

వాటికి మాటలున్నాయి, తెలుసా? కెన్యాలోని అంబోసెలిలో శాస్త్రవేత్తలు ఈ కోతుల అరుపులు రికార్డు చేసి తిరిగి వాటికే వినిపించారు, 1980లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చిరుతపులి వస్తే ఒక అరుపు, అది వింటే చెట్టెక్కుతాయి. గద్దకి ఇంకో అరుపు, వెంటనే పైకి చూస్తాయి. పాముకి మరొకటి, రెండు కాళ్ళ మీద నిలబడి గడ్డిలోకి చూస్తాయి. పోయిన మార్చిలో మన పెరట్లో నాలుగైదు కోతులు సరిగ్గా అలా నిలబడి కిచకిచలాడుతుంటే నేను బట్టలు ఆరేయడం ఆపి వెనక్కి వచ్చేశాను. కాసేపటికి రాళ్ళ మధ్య నుంచి ఎంఫెజీ బయటికొచ్చింది. విషం చిమ్మే నాగుపామును ఇక్కడ అలా పిలుస్తారు. అది రెండు మూడు మీటర్ల దూరం నుంచే కళ్ళల్లోకి చిమ్మగలదు, పడితే రుద్దకుండా చాలాసేపు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి. కప్పల కోసం రాత్రుళ్ళు తిరుగుతుంది, కాబట్టి చీకటి పడ్డాక టార్చీ, బూట్లు లేకుండా గడప దాటొద్దు. పచ్చగా సన్నగా కనపడేవన్నీ గ్రీన్ మాంబా అనే విషప్పాములు కావు, చాలాసార్లు ఏ హానీ చెయ్యని చెట్టుపామే, అయినా ఏది ఏదో తేల్చే పని మీది కాదు, దూరంగా నిలబడి మామయ్యని పిలవండి. పాములు పట్టేవాళ్ళ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అలాగే ఏ జంతువు కరిచినా గీరినా తిడతామని దాచకండి.

రాత్రి పసిపిల్ల ఏడుపు వినిపిస్తే లేచి కూర్చోకండి. మొదటిసారి విన్నప్పుడు నేను తలుపు తీసి వీధిలోకి పరిగెత్తాను! అది బుష్‌బేబీ, చెట్ల బంక తిని బతికే పెద్ద కళ్ళ జంతువు. కుక్క మొరిగినట్టు లోయలోంచి వినిపిస్తే అది కుక్క కాకపోవచ్చు, బుష్‌బక్ అనే జింక బెదిరి అలా అరుస్తుంది. పొద్దున్నే హడీడా పిట్టలు ఎలాగూ లేపుతాయి. వంపు ముక్కుతో పచ్చికలో పురుగులు ఏరుకుంటూ, ఎగిరేటప్పుడు హా-హా-హడీడా అని కాలనీ అంతా మోగిస్తాయి, డిసెంబరులో ఇక్కడ ఐదు కాకముందే తెల్లారుతుంది కాబట్టి అప్పటికే. చారల ముంగిసలు గుంపులుగా పోతాయి, మన ముంగిసలా ఒంటరిగా కాదు.

చెరువు గట్టున ఉడుములుంటాయి, కొన్ని మనిషంత పొడవు. పోయిన ఏడాది ఒకటి ప్రహరీ వెంట నేల దగ్గర్నుంచి వరసగా కట్టిన కరెంటు కంచె తీగకి తగిలి చచ్చిపోయి కనపడింది. ఈ దేశంలో తాబేళ్ళు కూడా ఇలాగే పోతుంటాయి, షాక్ కొట్టగానే డిప్పలోకి ముడుచుకుని అక్కడే ఉండిపోతాయి, తీగ మళ్ళీ మళ్ళీ కొడుతూనే ఉంటుంది. అన్నిటికంటే కింది తీగని పైకి జరిపితే చాలావరకు ఆగుతుంది. మామయ్య కాలనీ మీటింగులో రెండుసార్లు అడిగాడు, చెరువు వైపు మార్చారు, రోడ్డు వైపు ఇంకా మార్చలేదు. మీరొచ్చాక మనం కలిసి ఆ గోడ వెంట నడిచి, తీగ ఎక్కడెక్కడ నేలకి దగ్గరగా ఉందో రాసుకుందాం, ఆ కాగితం మీటింగులో ఇద్దాం.

మీ పడకగది కిటికీకి ఎదురుగా పెద్ద మర్రిజాతి చెట్టుంది. ఒక తల్లికోతి వారం నుంచి పిల్లని పొట్టకి హత్తుకుని అక్కడే కూర్చుంటోంది, పిల్లకి ఇంకా నల్లటి జుట్టు, గులాబీరంగు మొహం. మీరొచ్చేసరికి మొహం నల్లబడటం మొదలవుతుందేమో. అద్దంలోంచే చూడండి, గడియ మాత్రం తియ్యకండి.

మీ అమ్మమ్మ