సింహాలు లేవు కదా, దిగితే ఏమవుతుంది? ఎంబురో సఫారీ: అపోహలు - వాస్తవాలు

ఉగాండా రాజధాని కంపాలా నుంచి మనవాళ్లను సఫారీలకు తీసుకెళ్లడం నా పని. ఎక్కువసార్లు వెళ్లేది లేక్ ఎంబురో నేషనల్ పార్కుకే. మసాకా దాటి ఎంబరారా దారిలో సుమారు నాలుగు గంటల ప్రయాణం, పార్కు మొత్తం 370 చదరపు కిలోమీటర్లే, పిల్లలతో వీకెండ్‌లో వెళ్లి రావచ్చు. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది సింహాలున్నాయా అని. లేవనగానే కొందరు నిరాశపడతారు, ఇంకొందరు "హమ్మయ్య, అయితే ఎక్కడ పడితే అక్కడ దిగొచ్చు" అంటారు. నాకు టెన్షన్ పుట్టించేది ఆ రెండో మాట.

అపోహ: సింహాలు, ఏనుగులు లేని చిన్న పార్కు, బండి దిగినా ఏమీ కాదు.

వాస్తవం: వినీ వినీ విసుగొచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నా. 1983లో దీన్ని నేషనల్ పార్కుగా ప్రకటించినప్పుడు లోపలున్న పశువుల కాపరులను ఖాళీ చేయించారు. ఆ కోపం చాలాకాలం చల్లారలేదు. సింహాలనైతే ఆవులను తింటున్నాయని కాపరులు చంపేశారు. సింహాలు పోయింది అలా. అంతమాత్రాన మిగిలినవి మచ్చికైన జంతువులని కాదు. చిరుతలు, హైనాలు ఉన్నాయి. కానీ నేను ఎక్కువ భయపడేది దున్నకీ, హిప్పోకీ.

ఆఫ్రికా అడవి దున్నను చూడగానే మనవాళ్లు "మన గేదె లాంటిదేగా" అంటారు. పల్లెలో గేదెల మధ్య పెరిగినవాళ్లకి ఈ ధీమా మరీ ఎక్కువ. మన గేదె వేల ఏళ్లుగా మనిషి చేతి కింద బతికిన జీవం. ఈ అడవి దున్నను ఇంతవరకు ఎవరూ మచ్చిక చేసుకోలేదు. మందని వదిలి ఒంటరిగా తిరిగే ముసలి పోతులు ఇంకా ప్రమాదం, పొదల్లో పడుకుని ఉంటాయి, దగ్గరికి వెళ్లేదాకా కనిపించవు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "రెండు నిమిషాలు, ఆ పొద దాకా వెళ్లొస్తా" అని తలుపు తీశారు. అంతలో పొదలోంచి ఎర్రముక్కు పిట్టలు రెండు బుసకొట్టినట్టు అరుస్తూ లేచాయి. అవి దున్నల ఒంటిమీద గోమార్లు ఏరుకుతినే పిట్టలు. మా డ్రైవర్ ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగేశాడు. కాసేపటికి పొద కదిలింది, నడినెత్తిన కలిసిపోయిన కొమ్ములు, వాటి కింద ఎండిన బురద పట్టిన మొహం. పాపం, ఆయన రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. "మేమూ దిగాం, ఏం కాలేదు" అని వాట్సాప్‌లో ఆయనకి నూరిపోసినవాళ్ల మీదే నాకు కోపం.

ఇక హిప్పో. పగలంతా నీళ్లలో ఉండి చీకటి పడగానే గడ్డి మేయడానికి గట్టెక్కుతుంది, సరస్సు ఒడ్డున క్యాంపుల్లోకీ వచ్చేస్తుంది. గడ్డిలో రెండు గాడులు, వాటి మధ్య తొక్కుడు పడని గడ్డి వరస కనిపిస్తే అది హిప్పో నడిచే దారి. దానికీ నీళ్లకీ మధ్య మనిషి నిలబడితే తప్పుకునే జంతువు కాదు, అంత బరువుతోనూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. రాత్రి టెంట్ నుంచి బాత్రూమ్‌కి వెళ్లాలంటే క్యాంపు వాళ్లని పిలవండి. మొహమాటపడకండి, అది వాళ్ల పనే.

ఇదంతా చదివి భయపడి మానుకోకండి. బండిలో కదలకుండా కూర్చుంటే జంతువులు మామూలుగా పట్టించుకోవు, చంటిపిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఎందరో హాయిగా చూసి వెళ్లారు. నడిచి చూడాలని ఉంటే తుపాకీ ఉన్న రేంజర్‌తో వాకింగ్ సఫారీ ఉంది, జీబ్రాలకు దగ్గరగా కాలినడకన వెళ్లడం నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరించే అనుభవం. రేంజర్ ఆగమంటే ఆగాలి, అంతే. ఫొటో తర్వాత.

అపోహ: దుబాయ్ మీదుగా ఇండియాకి తిరిగొస్తే ఎల్లో ఫీవర్ కార్డు (ఆ జ్వరానికి టీకా వేసుకున్నట్టు చూపే కార్డు) ఎవరూ అడగరు.

వాస్తవం: అడుగుతారు. ఎక్కడ విమానం మారినా సరే, ఉగాండా వదిలి ఆరు రోజులు దాటకుండా కార్డు లేకుండా ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాత నుంచే కార్డు చెల్లుతుంది, తర్వాత జీవితాంతం చాలు. అరవై దాటిన అమ్మానాన్నలకు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లకు వేయించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, బంధువుల గ్రూపు కాదు.

అపోహ: చిన్న పార్కు, రెండు గంటల్లో అయిపోతుంది.

వాస్తవం: ఒక రాత్రి ఉండండి. చిరుత కనిపించే అవకాశం ఎక్కువగా రేంజర్‌తో వెళ్లే నైట్ డ్రైవ్‌లోనే. ఉగాండా నేషనల్ పార్కుల్లో జీబ్రాలు ఇక్కడా, ఈశాన్యాన మారుమూల ఉన్న కిడేపో పార్కులోనే ఉన్నాయి. జిరాఫీలు లేవన్నది పాత మాట, 2015లో మర్చిసన్ ఫాల్స్ పార్కు నుంచి 15 తెచ్చి వదిలారు. శాకాహారులకు చపాతీ, బీన్స్, అన్నం దొరుకుతాయి, ముందురోజే చెప్పాలి. ఆవకాయ మాత్రం మీరే తెచ్చుకోండి.