ఎల్‌ఎస్‌ఎంఓ పల్చటి పొరలు: తప్పంతా స్ట్రెయిన్‌దేనా?

ఆక్సైడ్ పొరలో క్యూరీ ఉష్ణోగ్రత (ఇది దాటితే అయస్కాంతత్వం పోతుంది) పడిపోయినా, రెసిస్టెన్స్ పెరిగినా అందరూ ముందు వేలు చూపేది స్ట్రెయిన్ వైపే, అంటే కింది స్ఫటికానికి సరిపడేలా పొర సాగడం లేదా నొక్కుకోవడం వైపే. ఎక్కువమంది పెంచే ఎల్‌ఎస్‌ఎంఓనే చూద్దాం. ఇది 30 శాతం స్ట్రాన్షియం కలిపిన లాంథనమ్ మాంగనైట్. దాని లాటిస్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి) కొలత 3.876 ఆంగ్‌స్ట్రామ్‌లు, కింద ఆధారంగా, అంటే సబ్‌స్ట్రేట్‌గా ఉండే స్ట్రాన్షియం టైటనేట్‌ది (ఎస్‌టీఓ) 3.905.

అపోహ: ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) పీక్ బల్క్ (పొరగా కాని ముద్ద పదార్థం) స్థానం వైపు జరిగితే స్ట్రెయిన్ సడలినట్టే.

వాస్తవం: మామూలు టూ-తీటా స్కాన్‌లో (ఎక్స్-రేలు ఏ కోణంలో మళ్లాయో చూసేది) తెలిసేది పొర నిలువు కొలత మాత్రమే. ఎస్‌టీఓని అంటిపెట్టుకుని పెరిగిన పొర అడ్డంగా 0.75 శాతం సాగి, నిలువుగా 3.85 దాకా కుంచించుకుపోతుంది. రాగి కే-ఆల్ఫా కిరణాలతో ఎస్‌టీఓ 002 పీక్ 46.47 డిగ్రీల దగ్గర, పొరది 47.2 దగ్గర రావాలి. పొర పీక్ 46.9 దగ్గరే ఆగిపోయిందనుకోండి, ‘సడలింది’ అని రాసేస్తారు. కానీ ఆక్సిజన్ తగ్గితే లాటిస్ ఉబ్బుతుంది, అప్పుడూ పీక్ అటే జరుగుతుంది. తేలాలంటే 103 పీక్ చుట్టూ రెసిప్రోకల్ స్పేస్ మ్యాప్ (అడ్డం, నిలువు కొలతలు రెండూ చూపే ఎక్స్-రే పటం) తీయాల్సిందే. పొర మచ్చ, సబ్‌స్ట్రేట్ మచ్చ ఒకే నిలువు గీత మీదుంటే సడలింపు లేదు. ఇక అనుమానించాల్సింది ఆక్సిజన్‌నో, కూర్పునో. ఆక్సిజన్ పారుతుండగా 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఎనీల్ చేసి (వేడిలో ఉంచి) మళ్లీ స్కాన్ తీయండి. పీక్ కుడికి వెళ్లి, క్యూరీ ఉష్ణోగ్రత కూడా పెరిగితే దొంగ దొరికినట్టే. అసలు పొర పెంచాక వందల మిల్లీబార్ల ఆక్సిజన్‌లో చల్లారిస్తే ఈ తంటా చాలావరకు ఉండదు.

అపోహ: సాగితే అయస్కాంతత్వం తగ్గుతుంది, నొక్కుకుంటే పెరుగుతుంది.

వాస్తవం: సగమే నిజం. మాంగనీస్ పరమాణువులు దగ్గరైతే ఎలక్ట్రాన్ దూకడం తేలికే. అయితే రెండు వైపులా ఒకేలా లాగినా, నొక్కినా మాంగనీస్ చుట్టూ ఆరు ఆక్సిజన్‌లు కట్టే ఆక్టాహెడ్రన్ ఆకారం చెడుతుంది, ఆ వికారం క్యూరీ ఉష్ణోగ్రతను కిందికే లాగుతుంది. లాంథనమ్ అల్యూమినేట్ మీద నొక్కుడు 2 శాతం దాటుతుంది, లాభం మాత్రం కనబడదు. అక్కడ తప్పక చూడాల్సింది ఈజీ యాక్సిస్ (అయస్కాంతత్వం తేలిగ్గా నిలిచే దిశ). ఎస్‌టీఓ మీద అది పొర తలంలోనే ఉంటుంది, అల్యూమినేట్ మీద నిలువుగా లేస్తుంది. అందుకే అయస్కాంత లూప్ (ఫీల్డ్ మారిస్తే అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే గీత) రెండు దిశల్లోనూ తీయండి.

అపోహ: పొర పలచనయ్యేకొద్దీ స్ట్రెయిన్ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

వాస్తవం: ఎస్‌టీఓ మీద 5 నానోమీటర్ల పొరకూ 20 నానోమీటర్ల పొరకూ స్ట్రెయిన్ ఒకటే. మరి వాటి గుణాల్లో తేడాకు స్ట్రెయిన్ ఎలా కారణమవుతుంది? ఉపరితలం, ఇంటర్‌ఫేస్ (పొర, సబ్‌స్ట్రేట్ కలిసే చోటు) దగ్గర కొన్ని యూనిట్ సెల్స్ (లాటిస్ గడులు) చచ్చుపడి ఉంటాయి, పలచటి పొరలో వాటి వాటా ఎక్కువ. ఇక 105 కెల్విన్ దగ్గర కనిపించే చిన్న మలుపు పొరదని మురిసిపోకండి, అది ఎస్‌టీఓ స్ఫటిక రూపం మారే ఉష్ణోగ్రత.

అపోహ: స్ట్రెయిన్ అంటే లోపమే.

వాస్తవం: మామూలుగా ఏ ఉష్ణోగ్రతలోనూ ఫెర్రోఎలక్ట్రిక్ (వోల్టేజ్ తీసేసినా విద్యుత్ ధ్రువణం నిలుపుకునేది) కాని ఎస్‌టీఓ, డిస్ప్రోసియం స్కాండేట్ మీద 1 శాతం సాగితే గది ఉష్ణోగ్రతలోనే అలా మారిందని 2004లో తేలింది. అయస్కాంత కొలతలకు మాత్రం ఈ స్కాండేట్‌తో జాగ్రత్త. డిస్ప్రోసియం పారామాగ్నెటిక్ సిగ్నల్ పొర సిగ్నల్‌ను మింగేస్తుంది.

అపోహ: సబ్‌స్ట్రేట్ మారిస్తే మారేది స్ట్రెయిన్ ఒక్కటే.

వాస్తవం: ఆక్టాహెడ్రాల వంపు, ట్విన్‌లు (అద్దంలో బొమ్మలా తిరిగిన స్ఫటిక భాగాలు), ఉపరితలం అన్నీ మారతాయి. స్ట్రెయిన్‌ను విడిగా చూడాలంటే పొరను 001 దిశలో కోసిన పీఎంఎన్-పీటీ (వోల్టేజ్ ఇస్తే కొలత మారే స్ఫటికం) మీద పెంచి, ఆ స్ఫటికం 0.5 మిల్లీమీటర్ల మందానికి 500 వోల్టుల దాకా ఇవ్వండి. అదే పొర, అదే ఆక్సిజన్, మారేది సుమారు 0.1 శాతం స్ట్రెయిన్. రెసిస్టెన్స్-వోల్టేజ్ గీత సీతాకోకచిలుక ఆకారంలో వస్తే సాధారణంగా అది స్ట్రెయిన్ పనే. వోల్టేజ్ ప్లస్సా మైనస్సా అన్నదాన్ని బట్టి చదరపు లూప్‌లా వస్తే ఇంటర్‌ఫేస్ దగ్గర చేరిన చార్జ్‌ను అనుమానించండి.