గులాబీ కార్డు మా పెదనాన్న, డెబ్బై ఏళ్ల కార్డు

2012లో మా పెదనాన్నకు బైపాస్ చేయాలన్నప్పుడు కౌంటర్లో మొదట అడిగింది, "తెల్ల కార్డు ఉందా?" అని. ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా రిటైరైన మనిషి, పెన్షన్ లేదు, ఇంట్లో ఉన్నది పేదలకిచ్చే తెల్ల రేషన్ కార్డు కాదు, గులాబీ కార్డు. లేదనగానే ఎంత కట్టాలో చీటీ మీద రాసిచ్చారు. పోనీ ఆరోగ్య బీమా పాలసీ తీసుకుందామంటే అప్పటికే ఆయనకు 67, చాలా కంపెనీలు 65 దాటితే కొత్త పాలసీ ఇచ్చేవే కావు.

ఈ తెల్ల కార్డు లెక్క ఆరోగ్యశ్రీతో వచ్చింది. అంతకుముందు పేదవాళ్లకు పెద్ద ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని తిరగడమే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది, కాదనను. కానీ చూసింది ఆదాయమే, వయసు కాదు. 2018లో వచ్చిన కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ కూడా అంతే, మొదట్లో 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో పేదలుగా లెక్కకొచ్చిన కుటుంబాలకే. అటు పేదా కాక, ఇటు సర్కారు ఉద్యోగీ కాక మధ్యలో మిగిలిన ముసలివాళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

2024లో రెండు మార్పులొచ్చాయి. ఏప్రిల్ నుంచి బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 65 ఏళ్ల హద్దు ఎత్తేసింది (ప్రీమియం చూస్తే మాత్రం గుండె పట్టేస్తుంది). అక్టోబర్ 29న కేంద్రం వయ వందన కార్డు మొదలుపెట్టింది: ఆధార్‌లో 70 నిండితే చాలు, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు, సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది) వాళ్లు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి.

మెలికలున్నాయి. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలే ఇద్దరికీ, ఆయనకు 72 ఆవిడకు 66 అయితే ఆవిడకు ఈ కార్డు లేదు. అడ్మిట్ అయితేనే వర్తిస్తుంది, నెలనెలా వాడే బీపీ, షుగర్ మాత్రలు జేబులోంచే.

ఇక ఆధార్ వయసు. పుట్టినరోజు తెలియనివాళ్లకు జనవరి 1 అని వేసి, ఏడాది కూడా అందాజాగా రాసేసిన కార్డులు మన ఊళ్లలో బోలెడు. మా పక్కింటి మామ్మ, 1977 దివిసీమ ఉప్పెన నాటికి తన పెద్దకొడుకు ఐదో తరగతి అంటుంది. ఆధార్‌లో ఆవిడ పుట్టింది 1958లో. ఆ లెక్కన తొమ్మిదేళ్లకే తల్లయిందన్నమాట, వయ వందనకు మాత్రం ఇంకా వయసు చాల్లేదు.