సింగిల్, ఆల్బమ్, మధ్యలో హిప్ హాప్

పిల్లలూ,

ఒక పాటను ముందుపెట్టి విడిగా విడుదల చేస్తే సింగిల్. పది పన్నెండు పాటలు వరుస కూర్చి ఒకే పేరు కింద ఇస్తే ఆల్బమ్. ఆ మాత్రం మీకూ తెలుసు. బీట్ మీద మాటలను లయగా చెప్పే హిప్ హాప్ పాట ఇప్పుడున్న తీరులో ఎందుకు తయారైందో తెలియాలంటే మాత్రం రికార్డు పళ్లెం దగ్గరికి వెళ్లాలి.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ నడిపిన పార్టీని హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోటును బ్రేక్ అంటారు. అది కొన్ని సెకన్లే ఉంటుంది, జనం మాత్రం దానికే విరగబడి ఆడేవారు. అందుకని హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డు తిప్పే యంత్రాల) మీద పెట్టి, ఇటు బ్రేక్ అయిపోగానే అటు మొదలుపెట్టి సాగదీసేవాడు.

ఈ పనికి 12 అంగుళాల సింగిల్ బాగా కుదిరింది. కారణం పళ్లెం మీద సూది నడిచే గాడి. బేస్, అంటే లోతైన కింది స్వరం, ఎంత గట్టిగా ఉంటే సూది అంత ఎక్కువగా పక్కలకు ఊగుతుంది, గాడికి అంత చోటు కావాలి. ఆల్బమ్‌లో ఒక్కో వైపు 20 నిమిషాలు దాటితే గాళ్లను ఇరికించాలి, శబ్దం తగ్గించాలి. తగ్గించకపోతే పక్క గాడి తగిలి సూది ఎగురుతుంది. అంత పళ్లెం మీద ఒకటి రెండు పాటలే ఉంటే ఆ గొడవ లేదు. దీపం కింద వాల్చి చూడండి, బ్రేక్ ఉన్న చోట మెరుపు వేరుగా కనిపిస్తుంది. ఈ సింగిల్ మీద అసలు పాటతోపాటు గొంతు లేని వాయిద్యం, ఒక్కోసారి వాయిద్యం లేని గొంతు కూడా ఉండేవి. గొంతును మరో బీట్ మీద పెట్టేటప్పుడు వేగం చూసుకోవాలి. నిమిషానికి 90 దెబ్బల పాటను టర్న్‌టేబుల్ మీద 96కి లాగితే గొంతు సుమారు ఒక అరస్వరం పైకి పోతుంది, అవతలి బీట్‌తో శ్రుతి తప్పవచ్చు.

1979లో వచ్చిన ‘రాపర్స్ డిలైట్’ 12 అంగుళాల సింగిల్‌లో పాట సుమారు పద్నాలుగున్నర నిమిషాలు. దాని బేస్ వరుస షీక్ అనే డిస్కో బృందం పాటలోది, స్టూడియోలో వాద్యకారులు మళ్లీ వాయించారు. ఆ స్వరకర్తలకు తర్వాత పేరు, వాటా ఇవ్వక తప్పలేదు. పాత రికార్డులోంచి ముక్క తీసి కొత్త పాటలో వాడితే దాన్ని శాంపిల్ అంటారు. 1991లో రాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ కోర్టు అనుమతి లేని శాంపిల్ దొంగతనమేనని తేల్చేసింది. శాంపిల్‌కి అనుమతులు రెండు: రికార్డింగ్ యజమానిది, పాట కట్టినవారిది. మళ్లీ వాయిస్తే మొదటిది అక్కర్లేదు, రెండోది తప్పదు. పదుల శాంపిళ్లు పేర్చి ఆల్బమ్ చేసే పద్ధతి ఆ తీర్పు తర్వాత బాగా ఖరీదైపోయింది.

ఇక లెక్క. చరణం మామూలుగా 16 బార్లు, బారుకు 4 దెబ్బలు, అంటే 64 దెబ్బలు. 90 వేగంలో 43 సెకన్లు. హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, 8 బార్లు, 21 సెకన్లు. మూడు చరణాలు, మూడు హుక్‌లు కలిపితే మూడు నిమిషాల పైచిలుకు, రేడియోకి సరిపోయే నిడివి. ఇప్పుడు చాలా పాటల్లో రెండు చరణాలే. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక లెక్క పడుతుంది, ఆ పైన ఎంత నిడివి ఉన్నా అదే ఒక్కటి. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 150 స్ట్రీములను ఒక సింగిల్‌గా, 1,500ను ఒక ఆల్బమ్‌గా లెక్కిస్తుంది. పాటలు ఎక్కువుంటే లెక్క త్వరగా నిండుతుంది. పాతిక పాటల ఆల్బమ్‌లు వస్తున్నాయంటే ఆశ్చర్యమేముంది? వాటిలో సగం లేకపోయినా నష్టం లేదనే నా అభిప్రాయం.

వినేటప్పుడు షఫుల్ తీసేయండి. పాటల మధ్య మాటల ముక్కలను దాటెయ్యకండి, కొన్ని ఆల్బమ్‌లలో తర్వాతి పాటకు దారి అవే. సింగిల్‌గా ముందే విన్న పాట వరుసలో ఎన్నోదో, దానికి ముందు ఏం పెట్టారో చూడండి.

మీ తాతయ్య